తేదీ పెట్టని కెమెరా

కాశీబుగ్గ బస్టాండు వెనక
నా జిరాక్సు షాపులోకి
తవిటయ్య మావ జీడిపప్పు డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు.
డబ్బాలో పప్పు లేదు.
బరంపురంలో పాత సామాన్ల కొట్టున కొన్న హ్యాండీక్యామ్,
పురికొసతో చుట్టిన కేబులు,
గోరంత కార్డులు ఏడు.
"మా ఇల్లంతా ఇందల ఉందే గుంటా,
కంపూటర్లోకి ఎక్కించీ."

ఎక్కించాను.
మూడువందల పన్నెండు ముక్కలు
చీమల బారులా దిగాయి.
అన్నిటికీ ఒకటే తేదీ:
రెండువేల సంవత్సరం, జనవరి ఒకటి.

కొన్న రోజున గడియారం దిద్దలేదు మావ.
బ్యాటరీ చచ్చిన ప్రతిసారీ
కెమెరా మళ్ళీ అక్కడికే పోయి కూర్చుంది.
కంప్యూటరు లెక్కన
ఆ ఒక్కరోజే
హేమసుందరుడు పుట్టాడు, బోర్లా పడ్డాడు,
బడికెళ్ళనని గుమ్మం పట్టుకు వేలాడాడు.
ఆ ఒక్కరోజే రెండు తుపాన్లు.
లారీ ఎరుపు, లారీ నీలం.
"గట్టి రోజే!" అన్నాడు మావ.

ఇదే సంవత్సరం అని అడిగితే
నెత్తి గోక్కుంటాడు.
"పోలమ్మప్పకి ముందు పన్ను ఊడినేడు."
ఆవిడకి పన్ను ఏ ఏడు ఊడిందో
ఆవిడకే తెలీదు.

అందుకని చెట్లనడిగాను.
పెరటి జీడిమామిళ్ళు నిటారుగా ఉంటే పైలీన్‌కి ముందు,
ఒరిగి ఉంటే నడుమ,
మొదళ్ళే మిగిలితే తిత్లీ తర్వాత.
మూడు ఫోల్డర్లు.
మా ఊళ్ళో ఎవరి వయసైనా
గాలే చెప్తుంది మరి.

రెండుసార్లు దిగినవి ఏరి పారేశాను.
బారువ సముద్రం పద్నాలుగుసార్లు వస్తే
అదీ అలాంటిదే అనుకున్నాను.
కాదు, పద్నాలుగూ వేరువేరు అలలు.
వదిలేశాను.

అన్నిట్లోనూ దాలమ్మత్త ఉంది.
ఎందులోనూ ఆమె చేతులు లేవు.
పెళ్ళిపందిట్లో కొంగు కింద,
కొత్తమ్మ జాతరలో పిల్లాడి వీపు వెనక,
గ్రూపు ఫోటోకి నిలబడినట్టు నిలబడి
ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం.
ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి కొట్టి
సొన తినేసిన చేతులు.

చివరికి మిగిలినవి 'చెత్త' అని ఒక ఫోల్డర్లో పోశాను.
మావ బొటనవేలు, లారీ టైరు,
నడుస్తున్న నేల, సంచి లోపలి చీకటి.
అన్నీ ఒక్కసారే తీసేద్దామని
ఎందుకో అన్నింటికంటే పొడుగుది తెరిచాను.
పద్దెనిమిది నిమిషాలు.

గోనె మీద పెట్టి మరిచిపోయినట్టున్నాడు.
గోడ అడ్డంగా పడుకుంది, గుమ్మం అడ్డంగా పడుకుంది.
ఓ మూల రెండు చేతులు.
బూడిద రాసుకున్నాయి.
పిక్క నిలబెట్టి, కొట్టి, విప్పి,
పొట్టలోని పాపని తీసినట్టు పప్పు తీసి
పళ్ళెంలోకి.
టక్.
మళ్ళీ టక్.
ఎక్కడో పలాస స్టేషనులో బండి కూత,
ఆ కూత ఆగేదాకా ఆగి,
టక్.

మావ స్టూలు అంచుకి జరిగాడు.
"తిత్లీ ఎలిసిన ఇరవై రెండో నాడు.
లచ్చివారం.
ఆ మద్దేనమే కరెంటొచ్చింది.
కెమెరాకి చార్జింగెక్కిందో లేదో అని ఏసి సూసేను,
ఆపడం మరిసిపోనాను."
పొద్దుట్నించీ ఒక్క తేదీ చెప్పలేని మనిషి.

అప్పుడే క్యారేజీతో అత్త వచ్చింది.
తెర చూసింది.
"ఓలమ్మ, అవేటి సూస్తన్నారు! తీసీయే."
"నేదు, ఉండనీ" అన్నాడు మావ.
"నువ్వు తీసీయే గుంటా."

నొక్కాను.
తెర నడుమ చిన్న గడి ఒకటి తెరుచుకుంది.
"ఏటంటంది?"
"నిజంగా తీసీమంటావా అంటందత్తా."
"దానికెందుకంట?"
అంటూనే తెర మీదకి వేలు చాపింది,
కొంగులోంచి మోచేతిదాకా బయటికొచ్చిన చెయ్యి.
"అదిగో, ఆ పిక్క. బద్దయిపోద్దనుకున్నాను.
గుండుగా వొచ్చీసింది, సూడు."

క్యారేజీ జిరాక్సు మిషను మీద పెట్టి
మావని అవతలికి జరిపి కూర్చుంది.
గడి ఇంకా అడుగుతూనే ఉంది.

"మొదట్నించి ఎయ్యి."